స్క్రూడ్రైవర్ పట్టుకున్న శ్రోత

1985లో హైదరాబాదు మొత్తంలో నా అంత బాగా పాట వినగలవాడు లేడని నా నమ్మకం. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు చదువుతున్నాను. కోఠీలో గుజరాతీ గల్లీ అంతా తిరిగి ట్రాన్సిస్టర్లు, కెపాసిటర్లు ఏరుకొచ్చి, సొంతంగా ఒక యాంప్లిఫయర్ కట్టుకున్నాను. యాంప్లిఫయర్ కట్టినవాడికి సంగీతం కూడా దానంతటదే వచ్చేస్తుందని ఎవరూ చెప్పకుండానే గ్రహించేశాను. ఇంటికి ఎవరొచ్చినా కుర్చీలో కూర్చోబెట్టి, రెండు స్పీకర్లకూ వాళ్ళ తలకూ మధ్య దూరం కళ్ళతో కొలిచి, కుర్చీని కాస్త ముందుకో వెనక్కో లాగితే గానీ పాట పెట్టేవాణ్ణి కాదు. మా మేనమామ ఒకసారి అలా కూర్చుని, "ఒరే, పాట పెడతావా, పన్ను పీకుతావా?" అని లేచి వెళ్ళిపోయాడు. ఆయనకు చెవి లేదని తేల్చేశాను.

అప్పట్లో మాకు ఇంగ్లీషు పాటలు దొరికే దారి ఒకటే. ఊళ్ళో కొన్ని దుకాణాల వాళ్ళు ఎల్.పి. రికార్డులు పెట్టుకుని, కావలసినవి ఖాళీ క్యాసెట్ మీదికి ఎక్కించి ఇచ్చేవారు. అలా ఎక్కించుకున్న 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.' నా దగ్గర ఉండేది. బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ 1984లో తెచ్చిన ఆల్బమ్. అందులో మాక్స్ వైన్‌బర్గ్ డ్రమ్ము మీద వేసే ప్రతి దెబ్బా నా యాంప్లిఫయర్‌కు ఒక పరీక్ష. దెబ్బ పడితే మా కిటికీ రెక్కలు అదిరేవి. అదిరితే పాట బాగున్నట్టు లెక్క.

అదే పేరున్న పాటలో ఆయన ఏం చెబుతున్నాడో మాత్రం వినలేదు. పల్లవి ఒక్కటే చెవిన పడేది. గొంతు చించుకుని అరుస్తున్నాడు కాబట్టి అమెరికాలో పుట్టినందుకు పొంగిపోతున్నాడనుకున్నాను. వియత్నాం యుద్ధానికి వెళ్ళొచ్చి, ఊళ్ళో పని పుట్టక, ఎటు పోవాలో తెలియని మనిషి గోడు అది. ఈ చెవిటితనంలో నాకు పెద్దవాళ్ళే తోడున్నారని తరవాత తెలిసి కాస్త ఊరట పొందాను. 1984 సెప్టెంబరులో అమెరికా అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ న్యూజెర్సీలోని హామంటన్‌లో ఎన్నికల ప్రసంగం చేస్తూ, స్ప్రింగ్‌స్టీన్ పాటల్లో ఆశ కనిపిస్తుందని మెచ్చుకున్నాడు. కొద్దిరోజులకే పిట్స్‌బర్గ్ కచేరీలో స్ప్రింగ్‌స్టీన్, అధ్యక్షుడుగారికి నా ఆల్బముల్లో ఏది నచ్చిందో గానీ 'నెబ్రాస్కా' అయి ఉండదు అన్నట్టు చమత్కరించి, అందులోని 'జానీ 99' ఎత్తుకున్నాడు.

ఆ నెబ్రాస్కాతోనే నా కథ.

అది 1982లో వచ్చింది, అంటే 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.'కు ముందుది. అంత దెబ్బ కొట్టగలిగినవాడు రెండేళ్ళ ముందు ఎంత కొట్టాడో చూద్దామని, దుకాణంలో ఆ రికార్డు అట్ట కనపడగానే ఎక్కించమన్నాను. నల్లటి అట్ట, ఎర్రటి అక్షరాలు, మధ్యలో కారు అద్దంలోంచి తీసిన రోడ్డు బొమ్మ, పైన మబ్బు పట్టిన ఆకాశం. మంచి కాగితం మీద అచ్చేసిన అట్ట కదా అని నమ్మాను.

ఇంటికొచ్చి పెడితే డ్రమ్ము లేదు. ఒక మౌతార్గాన్ ఎక్కడో పక్క వీధిలోంచి వచ్చినట్టు వచ్చింది. ఒక గిటారు. ఒక గొంతు, అదీ నోట్లో నోట్లో గొణుక్కుంటున్నట్టు. వీటన్నిటి వెనకా ఆగకుండా బుసలాంటి చప్పుడు, ఒక హిస్. కిటికీ రెక్కలు కదల్లేదు. మర్నాడే క్యాసెట్ పట్టుకుని దుకాణానికి వెళ్ళాను.

"మీ డెక్ హెడ్ మురికి పట్టినట్టుంది. స్పిరిట్ పెట్టి తుడిచి మళ్ళీ ఎక్కించండి" అన్నాను, డాక్టరు మందు రాసినట్టు.

దుకాణం ఆయన నావైపు ఓపిగ్గా చూశాడు. "రికార్డులనే అట్లున్నది తమ్మీ. నేనేం జెయ్యాలె?"

"అంత పెద్ద కంపెనీ ఇలాంటి రికార్డు ఎందుకేస్తుందండీ?"

"గది నాకేం ఎరుక? వాళ్ళనే అడుగు."

అయినా మళ్ళీ ఎక్కించాడు. మళ్ళీ అదే హిస్. ఈసారి నేను గొంతు పెంచాను, నలుగురూ చూశారు. ఆయన విసుగెత్తి రికార్డును ప్లేయరు మీద పెట్టి నా చెవికి హెడ్‌ఫోను తగిలించాడు. రికార్డులోనే హిస్ ఉంది. చెవులారా విన్నాను. విని కూడా, ఇది దొంగ రికార్డని, ఈయన్ని ఎవరో మోసం చేశారని జాలిపడుతూ ఇంటికొచ్చాను. కళ్ళెదుట సాక్ష్యం ఉన్నా నా తీర్పు మార్చుకోవాలని తోచకపోవడం ఆ వయసు ప్రత్యేకత అనుకునేవాణ్ణి. ఇప్పుడు అరవై దాటాక అది వయసుకు సంబంధించింది కాదేమోనని అనుమానం.

తరవాత చేసింది ఇంకా ఘనకార్యం. దొంగ రికార్డులోని తప్పును నా టేప్ డెక్‌తోనే సరిచెయ్యాలనుకున్నాను. డెక్ మూత విప్పితే హెడ్ పక్కన చిన్న స్క్రూ ఒకటి ఉంటుంది. టేపు కదిలే దిశకు హెడ్ సరిగ్గా నిట్టనిలువుగా నిలిచేలా దాన్ని కంపెనీలోనే బిగించి, కదలకుండా రంగు చుక్క పెడతారు. అది కదిలితే పాటలోని సన్నటి పై శబ్దాలు పోతాయి. నేను ఆ చుక్కను గీకేసి, స్క్రూడ్రైవర్‌తో తిప్పుతూ, హిస్ తగ్గేదాకా తిప్పాను. తగ్గింది. హిస్‌తో పాటు పాటలోని వెలుగంతా తగ్గింది. అది నా పాండిత్యానికి దక్కిన విజయంగా భావించి ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

తెల్లవారుజామున అమ్మ అదే డెక్‌లో ఎం.ఎస్. సుబ్బులక్ష్మి సుప్రభాతం పెట్టింది. వేంకటేశ్వరుణ్ణి ఎవరో దుప్పటి కప్పి లేపుతున్నట్టు వినిపించింది. "ఏరా, ఆవిడకేమైందిరా?" అని అమ్మ కంగారుగా నన్ను లేపింది. హెడ్ మళ్ళీ ఎప్పటికీ సరిగ్గా కుదరలేదు. ఇంట్లో ఉన్న క్యాసెట్లన్నీ ఆ డెక్ మారేదాకా దుప్పటి కిందే పాడాయి. ఇక నెబ్రాస్కా క్యాసెట్ మీద, అది ఎలాగూ పాడైన సరుకే కదా అని, మరుసటి ఏడాది 'స్వాతిముత్యం' పాటలు ఎక్కించేశాను. ఇళయరాజా వల్ల నాకు పశ్చాత్తాపం కూడా కలగలేదు.

ఇది మొదటి మూర్ఖత్వం. దీనికి ఒక మర్యాద ఉంది, కుర్రతనం అని తోసెయ్యొచ్చు. రెండోదానికి ఆ సౌకర్యం లేదు.

తొంభైల చివర, కంప్యూటర్లలో 2000 సంవత్సరం గొడవ నడుస్తుండగా, పని మీద న్యూజెర్సీ వెళ్ళాను. ఎడిసన్‌లో ఉండేవాళ్ళం. ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, ఆ రాష్ట్రంలోనే పుట్టి పెరిగినవాడు. ఒకరోజు భోజనాల దగ్గర మాట కలిసి, మీ ఊరి గాయకుడి రికార్డు ఒకటి మాకు దొంగ సరుకు అంటగట్టారని గొప్పగా చెప్పాను. ఆయన చెంచా కింద పెట్టి, నవ్వు ఆపుకోలేక, ఆ ఆల్బమ్ ఎలా తయారైందో మొదటినుంచీ చెప్పాడు. తరవాత నేను చదివినవీ కలుపుకుని ఆ సంగతి ఇది.

1980లో 'ది రివర్' అనే జోడు రికార్డుతో స్ప్రింగ్‌స్టీన్ అమెరికాలో మొదటి స్థానానికి చేరాడు. దాని వెంట సాగిన కచేరీల యాత్ర 1981 సెప్టెంబరులో ముగిసింది. అందరూ ఇళ్ళకు పోయారు. ఆయన న్యూజెర్సీలోని కోల్ట్స్ నెక్‌లో, నీళ్ళ జలాశయం పక్కన అద్దెకు తీసుకున్న ఇంట్లో ఒంటరిగా మిగిలాడు. స్టూడియోలో గంటలకు గంటలు డబ్బు కాలిపోతుండగా పాటలు రాసుకోవడం ఆయనకు విసుగెత్తింది. ఈసారి ఇంట్లోనే నమూనాలు తీసుకుని, బాగున్నవి బ్యాండుకు నేర్పుదామనుకున్నాడు. అంతే. లోకంలో ఎవరికీ వినిపించాలని కాదు.

అందుకు ఆయన గిటార్లు చూసుకునే మైక్ బాట్లన్ ఒక యంత్రం కొనుక్కొచ్చాడు. టియాక్ 144 పోర్టాస్టూడియో. 1979లో వచ్చిన సరుకు. మామూలు క్యాసెట్‌లో ఒకవైపుకు రెండు, తిప్పితే ఇంకో రెండు, మొత్తం నాలుగు గీతల్లో శబ్దం ఉంటుంది. ఈ యంత్రం ఆ నాలుగింటినీ ఒకే దిక్కుకు, మామూలుకు రెట్టింపు వేగంతో వాడుతుంది. అంటే నాలుగు శబ్దాలు విడివిడిగా ఎక్కించుకోవచ్చు. పడకగదిలో రెండు షూర్ ఎస్.ఎం. 57 మైకులు పెట్టారు. బాట్లన్ రికార్డింగు ఇంజనీరు కాదు. స్ప్రింగ్‌స్టీన్ ముందు గిటారుతో పాడి, మిగిలిన చోట రెండో గొంతో, మాండలినో, తంబురీనో కలిపేవాడు. 1982 జనవరి మొదట్లో ఎక్కువ పాటలు ఇలాగే అయిపోయాయి. వాటన్నిటినీ ఎకోప్లెక్స్ అనే ప్రతిధ్వని యంత్రంలోంచి పంపి, ఒక పానాసానిక్ బూమ్‌బాక్స్‌లో ఒకటిగా కలిపారు. ఆ బూమ్‌బాక్స్ అంతకుముందు నీళ్ళలో పడి, చచ్చిందనుకుంటే మళ్ళీ బతికిన శాల్తీ.

నేను దుకాణం ఆయన మీద అరిచిన హిస్ అక్కడిది.

స్ప్రింగ్‌స్టీన్ ఆ క్యాసెట్‌ను జేబులో వేసుకుని, దానికి పెట్టె కూడా లేకుండా, వారాల తరబడి తిరిగాడు. ఏప్రిల్లో న్యూయార్క్ పవర్ స్టేషన్ స్టూడియోలో ఆయన బ్యాండు, 'ఇ స్ట్రీట్ బ్యాండ్', మొత్తం కూర్చుని ఆ పాటలు వాయించారు. కొన్ని పాటలు ఎగిరి గంతేశాయి. వాటిలో ఒకటి 'బార్న్ ఇన్ ది యు.ఎస్.ఎ.', అవును, అదీ ఆ పడకగదిలో పుట్టిందే. నేను నెత్తిన పెట్టుకున్న పాటా, వెనక్కి తిప్పి కొట్టిన పాటలూ ఒకే కడుపున పుట్టాయన్నమాట. కానీ తక్కినవి బ్యాండు చేతిలో పడగానే పాడైపోయాయి. స్టూడియోలో ఒంటరిగా పాడి చూశాడు, అదీ కుదరలేదు. చివరికి జేబులో ఉన్నదాన్నే వేద్దామన్నాడు.

ఇక్కణ్ణుంచి ఇంజనీర్ల కష్టాలు. అంత బలహీనమైన క్యాసెట్‌ను ఎల్.పి. మీద చెక్కడం ఎవరివల్లా కాలేదు. చక్ ప్లాట్కిన్, టోబీ స్కాట్ మంచి మంచి మాస్టరింగ్ గదులెన్నో తిరిగారు. చివరికి డెనిస్ కింగ్ అనే మాస్టరింగ్ ఇంజనీరు శబ్దాన్ని బాగా తగ్గించి చెక్కితే సూది నిలిచింది. పడకగది క్యాసెట్‌ను పడకగది క్యాసెట్‌లాగే వినిపించడానికి ఇన్ని ఖరీదైన చెవులు పనిచేశాయి.

1982 సెప్టెంబరు 30న అది బయటికొచ్చింది. పది పాటలు. యాత్ర లేదు. 'అట్లాంటిక్ సిటీ'కి తీసిన వీడియోలో గాయకుడే లేడు, నలుపు తెలుపుల్లో ఊరు మాత్రం ఉంది.

ఈ కథ వినగానే నా బుర్రలో ఏం జరగాలి? ఆ పాటలు తెచ్చుకుని ఈసారైనా వినాలి. తెచ్చుకున్న మాట నిజమే. కానీ నేను వెతికింది హిస్‌ను. అదుగో, ఆ బూమ్‌బాక్స్. ఇదుగో, ఆ మైకు. పాత పగకు ప్రాయశ్చిత్తంగా హిస్‌ను పూజించడం మొదలుపెట్టాను. కొత్తగా మతం పుచ్చుకున్నవాడి నిష్ఠ ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఒక ఆదివారం మా ఆవిణ్ణి కారెక్కించి, ఆ ఇల్లు చూద్దామని కోల్ట్స్ నెక్ తీసుకెళ్ళాను. ఇంటి నంబరు తెలియదు, వీధి తెలియదు, ఆయన అక్కడ అద్దెకున్నది ఎప్పుడో. ఊరినిండా గుర్రాల ఫారాలు. తెల్ల కంచెల వెనక గుర్రాలు గడ్డి మేస్తున్నాయి. "ఏమండీ, గుర్రాలు మన బేగంబజారు దగ్గర కూడా ఉండేవి కదా" అంది మా ఆవిడ. తిరుగుదారిలో ఆవిడ మాట్లాడలేదు. నేనే మాట్లాడాను, ఎకోప్లెక్స్ గురించి.

హైదరాబాదు తిరిగొచ్చాక నా ఉపన్యాసం ఇంకా పక్వానికొచ్చింది. పెళ్ళిలో ఎవరైనా సౌండు బాగుందంటే చాలు, నెబ్రాస్కా ఎత్తుకునేవాణ్ణి. రాను రాను కథలో నా సొంత సరుకూ చేరింది: కంపెనీ వాళ్ళు మొహాన కొట్టారట, జనం తిప్పికొట్టారట, పత్రికలు ఉతికి ఆరేశాయట, కాలమే దాన్ని నిలబెట్టిందట. ఎవరు చెప్పారో నాకే తెలియదు. నా అనుభవాన్నే లోకానుభవం చేసేసుంటాను. నేను తిప్పికొట్టాను కాబట్టి అందరూ తిప్పికొట్టి ఉండాలి. జరిగింది వేరు. అమెరికాలో ఆ ఆల్బమ్ మూడో స్థానానికి ఎక్కింది, బ్రిటన్‌లోనూ మూడే. రేడియోలు తక్కువగా వేశాయి గానీ విమర్శకులు పొగిడారు. న్యూయార్క్ 'విలేజ్ వాయిస్' పత్రిక అప్పట్లో ఏటా విమర్శకుల ఓట్లతో వేసే జాబితాలో ఆ ఏడాది దానిది మూడో స్థానం. మరుసటి ఏడాదే జానీ కాష్ అంతటివాడు అందులోంచి రెండు పాటలు తీసుకుని పాడి, ఒకదాని పేరే తన ఆల్బముకు పెట్టుకున్నాడు. 1982 డిసెంబరులో అమెరికాలో నిరుద్యోగం 10.8 శాతం. ఆ దేశంలో ఆ పాటలు అర్థం కాకపోవడానికి ఏముంది? అర్థం కానివాడు బాలానగర్లో ఉన్నాడు, యాంప్లిఫయర్ ముందు.

బాలానగర్ మాట ఊరికే అనలేదు. మా నాన్న అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. 'జానీ 99' పాటలో మనిషి న్యూజెర్సీలో 'మావా' అనే ఊళ్ళో కార్ల ఫ్యాక్టరీ మూతపడి పని పోగొట్టుకున్నవాడు. అది నిజంగా 1980లో మూతపడిన ఫ్యాక్టరీ. మా నాన్న ఫ్యాక్టరీకి లాకౌట్ పడ్డప్పుడు నేను పక్క గదిలో హెడ్ అలైన్‌మెంట్ సరిచేస్తున్నాను.

ఇక మూడోది. ఇది తాజాది.

మా తమ్ముడి కొడుకు ఒకడున్నాడు. పగలు ఉద్యోగం, రాత్రి పాటలు. తెలుగులో తనే రాసి, తనే కట్టి, కూకట్‌పల్లిలో తన గదిలో ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసుకుంటాడు. మొదట్లో వాడు తెచ్చిన పాటలు విని, "మరీ శుభ్రంగా ఉన్నాయిరా, ఆసుపత్రి వాసన వస్తోంది" అనేవాణ్ణి. నెబ్రాస్కా కథ వాడికి ఎన్నిసార్లు చెప్పానో వాణ్ణి అడగండి. అటక మీంచి పాత టేప్‌రికార్డర్ దింపి, ఒక పాట దానిమీద తీయించాను కూడా. బెల్టు సాగిపోయి ఉండటంతో పాట మధ్యలో వాడి గొంతు వాడి అమ్మమ్మ గొంతులా మారింది. వాడు మర్యాదస్తుడు, ఏమీ అనలేదు.

2025 అక్టోబరులో ఆ ఆల్బమ్ తయారీ మీద సినిమా వచ్చింది. అదే నెలలో పవర్ స్టేషన్‌లో బ్యాండుతో తీసి పక్కన పడేసిన పాటలు కూడా, నలభై మూడేళ్ళ తరవాత, బయటికొచ్చాయి. అలాంటి టేపులే లేవని స్ప్రింగ్‌స్టీన్ స్వయంగా ఒక ఇంటర్వ్యూలో అని, తరవాత వెతికించి చూసుకుని ఉన్నాయని ఒప్పుకున్నాడు. తన టేపుల సంగతి తనకే గుర్తులేని మనిషి మీద నాకు మరింత ఇష్టం కలిగింది. మావాడు సినిమా చూసొచ్చి, "పెదనాన్నా, నేనూ ఒకటి తీశాను, వింటావా?" అని ల్యాప్‌టాప్ తెరిచాడు.

హెడ్‌ఫోను పెట్టుకున్నాను. ఒక గిటారు. వాడి గొంతు, దగ్గరగా, మెల్లగా. వెనక హిస్. ఆహా, ఎంత చక్కటి హిస్! కళ్ళు మూసుకున్నాను. పాట అయిపోయింది.

"ఎలా ఉంది?"

"ఒరే, ఇదిరా నిజాయితీ అంటే! ఆ హిస్ ఒక్కటి చాలు. ఏ మెషీన్ మీద తీశావు?"

"ల్యాప్‌టాపే."

"కాదురా, ముందు టేపు మీద తీసి ఉంటావు. నా చెవి నాకు తెలీదా?"

వాడు తెర నావైపు తిప్పాడు. తెర మీద పాత టేప్‌రికార్డర్ బొమ్మ, కింద గుండ్రటి నాబ్. మౌస్ పట్టుకుని దాన్ని ఎడమకు తిప్పాడు. హిస్ పోయింది. కుడికి తిప్పాడు. వచ్చింది. ప్లగ్-ఇన్ అంటారట. పాత క్యాసెట్, ఇంకా పాత క్యాసెట్, ఎండలో కారులో వదిలేసిన క్యాసెట్, ఏది కావాలంటే అది. "నీకిష్టమని కొంచెం ఎక్కువే పెట్టాను" అన్నాడు, పెద్దాయనకు టీలో ఇంకో చెంచా పంచదార వేసినట్టు.

ఇరవయ్యేళ్ళ వయసులో అసలు హిస్ వింటే నకిలీ అన్నాను. అరవయ్యేళ్ళకు నకిలీ హిస్ వింటే అసలు అన్నాను. ఇంతకాలం ఒకే తప్పు ఇంత నిలకడగా చెయ్యడం కూడా ఒక సాధనే.

"సరే, హిస్ వదిలెయ్ పెదనాన్నా. పాట ఎలా ఉంది?"

"బాగుంది."

"దేని గురించో చెప్పు."

నేను గొంతు సవరించుకున్నాను. బండి అనే మాట ఒకటి విన్నట్టు గుర్తు. "బండి గురించి. అంటే... ప్రయాణం. జీవితమే ఒక ప్రయాణం కదా."

"తాతయ్య గురించి పెదనాన్నా."

మళ్ళీ పెట్టించుకుని విన్నాను, ఈసారి నాబ్ ఎడమకు తిప్పించి. లాకౌట్ రోజుల్లో మా నాన్న తోటి ఫిట్టరు దగ్గర కొన్న పాత లాంబ్రెట్టా. పని లేకపోయినా పొద్దున్నే టిఫిన్ డబ్బా తగిలించుకుని దానిమీద గేటు దాకా వెళ్ళి, మూసిన గేటు చూసి వచ్చేవాడు. అది తన్నితే స్టార్టయ్యేది కాదు. ఇద్దరు కొడుకులు వెనకనుంచి తోసేవాళ్ళు. పాటలో ఒకచోట పెద్దకొడుకు ఒక చేత్తో తోస్తుంటాడు. రెండో చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటుంది. మా తమ్ముడు చెప్పి ఉంటాడు. పాటలో నేనే ఉంటే నేను హిస్ విన్నాను.

నెబ్రాస్కాలో 'యూజ్డ్ కార్స్' అని ఒక పాట ఉంది. తండ్రి పాత కారు కొంటుంటే, దుకాణంవాడు ఆయన చేతుల వంక చూడటం తల్లి గమనిస్తుంటుంది, అదంతా పిల్లవాడు చెబుతుంటాడు. మావాడు దాన్ని పట్టుకునే ఇది కట్టాడట. "నీ నోటి నుంచి ఆ పాట పేరు ఎప్పుడూ వినలేదేం?" అని అడిగాడు. నా దగ్గర ఆ పాట 1986 నుంచీ స్వాతిముత్యం కింద ఉందని చెప్పలేదు.

వాడు ఇంకో సంగతి కూడా చెప్పాడు. నెబ్రాస్కా అనే మొదటి పాట 1958 నాటి నిజమైన హంతకుడు చార్లెస్ స్టార్క్‌వెదర్ గురించి. టెరెన్స్ మాలిక్ తీసిన 'బ్యాడ్‌లాండ్స్' సినిమా టీవీలో చూసి, ఆ కేసు మీద పుస్తకం రాసినవాళ్ళలో ఒకరికి ఫోను చేసి మరీ వివరాలు కనుక్కుని స్ప్రింగ్‌స్టీన్ ఆ పాట రాశాడు. మొదట అందులో 'అతను' అని ఉండేదట. కొట్టేసి 'నేను' అని మార్చాడు. "యంత్రం కంటే ముందు ఆ నోటు పుస్తకం ఉంది పెదనాన్నా. నువ్వు దాని సంగతి ఎప్పుడూ చెప్పలేదు" అన్నాడు. చెప్పాలంటే నాకు తెలిసి ఉండాలి కదా. ఎస్.ఎం. 57 మైకు ఎన్ని హెర్ట్జుల దగ్గర ఎత్తుకుంటుందో అడగమనండి, నిద్రలో చెబుతాను.

ఇంత జరిగాక కూడా నోరు ఊరుకోదు. పాట మూడోసారి విన్నాక ఒక లోపం పట్టాను.

"బండి పచ్చరంగు అని రాశావు. అది బూడిదరంగు."

"నాన్న పచ్చ అన్నాడు."

"మీ నాన్నకేం తెలుసు, వాడప్పుడు చిన్నవాడు. బూడిదరంగు. దాని ఎడమ డోము మీద సొట్ట కూడా ఉండేది."

"పచ్చ అయితే తరవాతి చరణంలో మచ్చకి కుదిరింది పెదనాన్నా."

"ప్రాస కోసం అబద్ధం రాస్తావురా?"

తమ్ముడికి ఫోను చేశాం. స్పీకరులో పెట్టి అడిగితే వాడు కాసేపు ఆలోచించి, పచ్చా కాదు బూడిదా కాదు, నీలం అన్నాడు. పచ్చ అని తను ఎప్పుడూ చెప్పలేదన్నాడు. అమ్మను అడగడానికి లేదు. మావాడు ఇద్దరి మాటా విని, పచ్చ అలాగే ఉంచుతానన్నాడు. సొట్ట మాత్రం వాడికి నచ్చింది. ఎడమవైపేనా అని రెండుసార్లు అడిగాడు. తమ్ముడు అటునుంచి కుడివైపు అన్నాడు.